ఇంటింటా సౌర విద్యుత్తు – బ్రేకరు తీసినా తీగను నమ్మరాదు

దేశవ్యాప్తంగా కోటి గృహాలపై సౌర ఫలకాలు అమర్చే లక్ష్యంతో రూపొందిన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకానికి 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం రూ. 75,021 కోట్ల వ్యయంతో ఆమోదం తెలిపింది. రాష్ట్రంలో 2025 జనవరిలో కుప్పం ప్రాంతంలోని నడిమూరు గ్రామంలో ఇంటింటా సౌర విద్యుత్తు పైలట్ ప్రాజెక్టు ప్రారంభమైంది. రాయితీలపై జరుగుతున్న చర్చ పంపిణీ వ్యవస్థ రక్షణపైన కూడా జరగవలసి యున్నది.

విద్యుత్తు సబ్ స్టేషన్ నుండి ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు మీదుగా ఇంటికి చేరుతుందన్న ఒక్క భావనపైనే దశాబ్దాలుగా రిలేలు, ఫ్యూజులు అమర్చబడినవి. చెట్టు కొమ్మ తీగకు తగిలితే సబ్ స్టేషన్ నుండి అధిక కరెంటు ప్రవహిస్తుంది. దానిని రిలే గుర్తించి బ్రేకరును తెరిపిస్తుంది. మధ్యలోని సౌర కేంద్రాలు కూడా ఆ లోపానికి కరెంటు అందించినచో సబ్ స్టేషన్ వాటా తగ్గి, రిలే ఆలస్యంగా స్పందించే అవకాశమున్నది. అయితే ఇన్వర్టరు తన సామర్థ్యానికి మించి స్వల్పంగానే కరెంటు ఇవ్వగలదు. కనుక ఒకటి రెండు ఇళ్లతో ఈ చిక్కు రాదు. ఒకే ఫీడరుపై పెద్ద కేంద్రాలు చేరినప్పుడు మాత్రం రిలే సెట్టింగులను తిరిగి లెక్కించక తప్పదు. ఇన్వర్టరు ఇచ్చే ఆ కొద్దిపాటి కరెంటుకు ఫ్యూజు కాలకపోవచ్చు, మనిషి ప్రాణానికి మాత్రం అది చాలు.

లైన్‌మన్ ఎల్.సి. తీసుకొని, ఎ.బి. స్విచ్ తెరచి స్తంభమెక్కిన వేళ దిగువ ఇళ్ల నుండి విద్యుత్తు ఎదురు రాకూడదు. ఇందుకోసమే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో నిబంధనలు జారీ చేసింది. గ్రిడ్ సరఫరా ఆగి, సౌర కేంద్రం విడిగా మిగిలినచో 2 సెకన్లలో వైదొలగాలి. ఫ్రీక్వెన్సీ 47.5 – 50.5 హెర్ట్జ్ పరిధి దాటితే 0.2 సెకన్లలోనే ఆగాలి. ఎండ కాయుచుండగా, కరెంటు పోగానే బ్యాటరీ లేని సౌర వ్యవస్థ ఉన్న ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోవడం లోపం కాదు, అదే రక్షణ.

ఉత్పత్తి, వాడకం దాదాపు సమానమైన అరుదైన సందర్భంలో ఈ గుర్తింపు కష్టమవుతుంది. ఛేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా కలిపిన డీజిల్ జనరేటరుకైతే ఇటువంటి రక్షణే ఉండదు, నిజానికి ఆ ప్రమాదం సౌర విద్యుత్తు కన్నా పాతది. అందువలన ఎల్.సి. లభించిన తరువాత కూడా, ఎల్.టి. లైనైనా సరే, టెస్టరుతో పరీక్షించి, పనిచేసే చోటుకు ఇరువైపులా ఎర్త్ రాడ్లు వేసిన పిమ్మటనే తీగను తాకవలెను.