గీత చాలదు, గట్టు కావాలి

కొన్నేళ్ళ క్రిందటి మాట. హైదరాబాదులో కూకట్‌పల్లి ప్రధాన రహదారి మీద ఒక టిఫిను దుకాణం ఎదుట కారు ఆపి, వెనుకకు చూడకుండా తలుపు తెరిచాను. దాని అంచు తగిలి ఒక సైకిలు పడిపోయింది. దాని మీద ఉన్న మనిషి వాహనాలు వచ్చే వైపుకే పడ్డాడు. వెనుక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. పడినాయనకు అరవయ్యేళ్ళుంటాయి. రాత్రి కాపలా ముగించుకొని, సెక్యూరిటీ గార్డు దుస్తుల్లోనే ఇంటికి వెళుతున్నాడు. ఆయన లేచి, చొక్కా దులుపుకొని, నేను నోరు విప్పేలోగానే "ఏం గాలె సార్, నేనే సూస్కోలె" అన్నాడు.

తప్పు చేసినవాణ్ణి నేను, సంజాయిషీ చెప్పుకున్నవాడు ఆయన. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఆ దారిలో తనకు హక్కు లేదనీ, ఎవరికీ అడ్డం రాకుండా ఒదిగి పోవడమే తన పని అనీ ఆయన ఎంతగా నమ్మాడో కదా! ఆ నమ్మకం కలిగించింది నావంటి కార్లవాళ్ళమే.

అందుకే, రద్దీ వీధుల్లో సైకిళ్ళకు గట్టు కట్టి వేరుచేసిన దారి ఉండాలని నా అభిప్రాయం. గట్టు అన్న మాటను నొక్కి చెబుతున్నాను. తారు మీద గీసిన తెల్లగీత ఎవరినీ ఆపదు. సాయంత్రానికి దాని మీద కార్లు నిలుస్తాయి, ఆటోలు ఆగుతాయి, సైకిలువాడు మళ్ళీ బస్సుల మధ్యకే వెళ్ళవలసి వస్తుంది.

మన నగరానికి సైకిలు దారి అంటే తెలియదని కాదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట, పైన సౌరఫలకాల కప్పుతో, 23 కిలోమీటర్ల దారిని ప్రారంభించారు. చూడముచ్చటైన కట్టడం, కాదనను. కాని అక్కడికి సైకిళ్ళను కార్లకు తగిలించుకొని వెళ్ళేవారిని నేను చూశాను. అది వ్యాయామానికి దారి. నేను పడగొట్టిన మనిషికి కావలసినది పని నుంచి ఇంటికి దారి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది పనికి సైకిలు మీదే వెళ్ళేవారు. వారిలో ఎందరు సరదా కోసం తొక్కేవారో మీరే ఊహించండి.

"ఉన్న రోడ్డే చాలడం లేదు, ఇంక దీనికి చోటెక్కడ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2007లో న్యూయార్కులోని మన్‌హాటన్‌లో, నైన్త్ అవెన్యూ మీద, ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపించారు. అక్కడ ముఖ్యంగా చేసినది వరుస మార్చడం. అంతకు మునుపు కాలిబాట పక్కన నిలిపిన కార్లు, వాటి అవతల వాహనాలు ఉండేవి. ఆ కార్లను కాస్త బయటికి జరిపి, కాలిబాటకూ కార్లకూ నడుమ సైకిళ్ళకు దారి ఇచ్చారు. కారు తలుపు తెరుచుకోవడానికి కొంత జాగా విడిగా వదిలారు. నిలిపి ఉన్న కార్లే సైకిళ్ళకు గోడ అయ్యాయి. ఆ ఏర్పాటు ఇక్కడ ఉండి ఉంటే నా కారు తలుపు ఆ పెద్దాయనను తాకేదే కాదు.

2012లో ఆ నగర రవాణాశాఖ వెలువరించిన నివేదిక ప్రకారం, ఆ అవెన్యూ మీద గాయపడేవారు అందరినీ కలుపుకొని 58 శాతం తగ్గారు. అక్కడి స్థానిక దుకాణాల అమ్మకాలు 49 శాతం దాకా పెరిగాయి. ఆ పెరుగుదలంతా సైకిళ్ళ చలవే అని నేననను. దుకాణాలు మూతపడతాయన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

మన చిక్కులు మనకున్నాయి. సైకిలు దూరే సందులో మోటారు సైకిలూ దూరుతుంది. వరుసగా స్తంభాలు పాతినంత మాత్రాన దాన్ని ఆపలేం. తెంపు లేని గట్టు, కూడళ్ళ దగ్గర మాత్రమే ప్రవేశం, అక్కడ కెమెరా, జరిమానా కూడా ఉండాలి. రెండవది, ఎడమకు ఆగకుండా తిరిగే 'ఫ్రీ లెఫ్ట్'. నేరుగా పోయే సైకిలుకు అడ్డంగా కారు తిరిగేది అక్కడే. ఆ మలుపులో దారిని కొంచెం ఎత్తు చేస్తే కారు నెమ్మదించక తప్పదు. ఇవేవీ పట్టించుకోకుండా ఆకుపచ్చ రంగు పూసి రిబ్బను కత్తిరిస్తే ఆరు నెలల్లో అది మరో పార్కింగు స్థలమవుతుంది.

ఇందులో నాకూ నష్టం ఉంది. అటువంటి దారి వస్తే ఆ టిఫిను దుకాణం ముందు కారు ఆపుకొనే వీలు పోవచ్చు. రెండు వందల అడుగులు నడవాలి. నడుస్తాను. గంటల తరబడి కదలకుండా నిలిచిన నా కారుకు ఇన్నాళ్ళూ ఉచితంగా చోటిచ్చిన వీధిలో, కదిలిపోయే సైకిలుకు చోటు లేదని ఏ ముఖంతో చెప్పను?

ఆ రోజు నుంచి కారు తలుపును ఎడమచేత్తో తెరవడం అలవాటు చేసుకున్నాను. అలా చేస్తే ఒళ్ళు దానంతట అదే తిరిగి, చూపు వెనుకకు పోతుంది. మీరూ చేసి చూడండి. అయితే నేనూ మనిషినే. ఏదో ఒక రోజు తొందరలో ఈ అలవాటు మరిచిపోతాను. ఆ రోజున అటుగా వచ్చే సైకిలు మనిషి ప్రాణం నా జ్ఞాపకశక్తి మీద ఆధారపడకూడదు.