గోథే జీవితచరిత్ర: అసమాప్త గ్రంథము – మన కర్తవ్యము

జర్మను మహాకవి గోథేను గూర్చి నికొలస్ బోయల్ ఆంగ్లమున తలపెట్టిన బృహజ్జీవితచరిత్రలో మొదటి సంపుటము 1991లో, రెండవది 2000లో వెలువడినవి. మొదటిది 1749 నుండి 1790 వరకు గల 41 సంవత్సరములను వివరింపగా, రెండవది 1803 వరకు గల 13 సంవత్సరములకే పరిమితమైనది. కవి నిర్యాణము 1832లో. చివరి 29 ఏండ్ల జీవితము ఈ సంపుటములకు వెలుపలనే నిలిచినది.

అసమగ్రమని ఇట్టి గ్రంథమును త్రోసిపుచ్చుట తగదు. ప్రతి రచనను తత్కాలీన రాజకీయ, తాత్త్విక పరిణామములతో కలిపి పరిశీలించు పద్ధతికి ఈ విస్తృతి అనివార్యము. త్వరపడి సంగ్రహించినచో గ్రంథము ముగియును గాని పద్ధతి చెడును.

అయినను ఆ వెలితి సంస్కృతాభిమానులకు చిన్నది కాదు. 1791లో ఫార్‌స్టరు జర్మను అనువాదమున శాకుంతలమును చదివి గోథే రచించిన ప్రశంసాపద్యమును మనము యోగ్యతాపత్రమువలె పలుమారు ఉదాహరింతుము; అంతటితో ఆగుదుము. కాని 1808లో ప్రకటితమైన ‘ఫౌస్టు’ ప్రథమభాగమునకు ముందున్న నాటకశాలా ప్రస్తావనకు కాళిదాసుని ప్రస్తావన ప్రేరణమని పలువురు విమర్శకులు తలచిరి. 1830లో, ఎనుబది దాటిన వయసున, షేజీ ప్రకటించిన శాకుంతలమును అందుకొని గోథే ఆయనకు లేఖ వ్రాసెను.

కావున ఈ అనుబంధము నాలుగు దశాబ్దములది. అందు తొలి పండ్రెండేండ్లు మాత్రమే బోయల్ సంపుటముల పరిధిలోనివి. తక్కిన భాగమునకు కవి లేఖలు, దినచర్యలు, రచనలే ఆధారములు. జీవితచరిత్ర పూర్తియగువరకు వేచియుండక, మన తులనాత్మక పరిశోధకులు జర్మను నేర్చి వానిని స్వయముగా పరిశీలింపవలెను. ఒక్క పద్యమును వల్లించి కాళిదాసుని కీర్తించుట పరిశోధన కాజాలదు.