రేడియో ముచ్చట్లు: పందొమ్మిది అంగుళాల కడ్డీ

హామ్ లైసెన్సు కొత్తగా తెచ్చుకున్న మన సభ్యులు కొందరు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "టూ మీటర్ సెట్టుకున్న కడ్డీ ఏరియల్‌తోనే ఇండియాతో మాట్లాడకూడదా అండీ?" మేము నవ్వలేదు. ఒక చలికాలమంతా మేము చేసిన నిర్వాకం అదే.

మా అపార్టుమెంటులో ఏరియళ్ళు కట్టనివ్వరు. బాల్కనీలో కడ్డీ అయితే ఎవరి కంటా పడదు. పైగా 146 మెగాహెర్ట్జ్‌కని చేసిన ఆ కడ్డీ 440 దగ్గర కూడా పనిచేస్తోంది. పైకి పనికొచ్చినది కిందికి ఎందుకు రాదనుకున్నాం. బల్ల మీది ట్యూనర్ తిప్పి 14.2 దగ్గర సరిచేస్తే ముల్లు బుద్ధిగా సున్నాకు దిగింది. ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర, విశాఖలో సాయంత్రం ఆరు. అక్కడి మిత్రుడు మా కాల్‌సైన్ పెట్టి పిలవడం స్పష్టంగా వినిపించింది. గొంతు చించుకుని జవాబిచ్చాం. ఆయన పాపం మరో రెండుసార్లు పిలిచి, సెలవు తీసుకున్నారు. వారం వారం ఇదే తంతు.

440 దగ్గర మా కడ్డీ ముప్పావు కెరటం. 14.2 దగ్గర కెరటం పొడవు 21 మీటర్లు. 19 అంగుళాలంటే అందులో నలభయ్యో వంతు కూడా కాదు. అంత పొట్టి కడ్డీకి రేడియేషన్ రెసిస్టెన్సు 0.2 ఓమ్. దాన్ని శ్రుతి చేసే కాయిల్, కింది నేల కలిసి సులువుగా 20 ఓములు మింగుతాయి. నూరు వాట్లు పోస్తే గాలిలోకి వెళ్ళేది ఒక్క వాటు! మాకు అదీ లేదు, మధ్యలో కేబుల్ తినేసింది. ట్యూనర్ ముల్లు రేడియోకి ఊరట చెబుతుందే గాని ఏరియల్ సంగతి చెప్పదు.

మరి వినిపించిందేం? ఈ బ్యాండులో ఆకాశపు రొద ఎటూ ఎక్కువే. పొట్టి కడ్డీతో మాటా, రొదా కలిసే తగ్గుతాయి; రేడియో రెంటినీ పెంచుకుంటుంది. మోసపోయింది అక్కడే.

పిల్లలున్న ఇళ్ళవారికి ఇంకొక మాట. కడ్డీ మొదట్లోనే కాయిల్ పెట్టి నూరు వాట్లు పంపితే అక్కడ వేల వోల్టులు నిలుస్తాయి. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

చివరికి మేనేజరును బతిమాలి, కంటికి ఆనని సన్న తీగకు ఒప్పించాం. పదహారున్నర అడుగుల ముక్కలు రెండు. ఒకటి చెట్టుకొమ్మకు, ఒకటి బాల్కనీ కమ్మీ వెంట, మధ్యలో కేబుల్. ట్యూనర్ పక్కన పెట్టేశాం.

ఆ ఆదివారమే విశాఖ మిత్రుడు పలికారు. "ఇన్నాళ్ళూ ఊళ్ళో లేరేమో అనుకున్నామండీ!"