బండమీది యుద్ధశాస్త్రము

మన సీమలోని యొక పురాతన దేవాలయమున ముఖమండపపు నేలను పెకలించి, దాని స్థానమున నిగనిగలాడు గ్రానైటు పలకలను పఱచుచున్నారు. పెకలించిన బండలలో రెండింటిమీద, ఎన్ని తరముల వేళ్ళు రాచి రాచి నునుపెక్కించినవో గాని, పులిజూదపు గీతలు స్పష్టముగా నున్నవి. ఆ బండలు ప్రాకారము వెలుపల సిమెంటు సంచులతో కలిసి పడియుండుట ఈ వారము చూచి, పని చేయించుచున్న వారిని విచారింపగా, పిల్లలు గీచిన గీతలకు ఇంత చింత యెందులకని సమాధానము వచ్చెను. ఆ మాట నన్ను మిక్కిలి బాధించినది. సైనికశాల లేని పల్లెలో, అక్షరము రాని గొల్లవానికిని కాపునకును, అల్పబలము అధికబలము నెట్లు నిలువరింపవలెనో నేర్పిన గీతలవి.

చదరంగమునకు ఈ దేశమున గౌరవమునకు కొదువ లేదు. గజ తురగ రథ పదాతులను నాలుగంగములను పలకపై నిలిపిన మన చతురంగము పారసీకమునకు పోయి, అరబ్బులచేత ఐరోపాకు చేరి, రాజసభలలో కూర్చున్నది. బొడ్డుచర్ల తిమ్మకవి శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి మన్ననలందెనని మన చాటుకథలు చెప్పుచున్నవి. పులిజూదమాడినవాని నే రాజును మన్నించినట్లు వినలేదు. కాని యుద్ధమున కేది చేరువయో యోచింపుడు. చదరంగమున ఇరుపక్షముల బలము సమానము, ఆశయము సమానము, తొలి నిలుకడ సమానము; అట్టి యుద్ధము భూమిపై నెన్నడును జరిగియుండదు. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు, నిలుచుటకు ఇరువదిమూడు స్థానములు. పులికి దూకి చంపు శక్తి కలదు, మేకకు లేదు. మేకలు గెలుచుట యనగా పులులను కదలనీయక కట్టివేయుట. ఒకరికి సంఖ్య, మరొకరికి వేగము. ఒకరికి సంహారము లక్ష్యము, మరొకరికి దిగ్బంధము. ఈ సర్వమునకును మూలమైన నియమమొకటి కలదు: మేక వెనుక స్థానము ఖాళీగా నున్ననే గాని పులి దూకజాలదు. కనుక మేకల నాడించువాడు పులిని చూచుటకంటె తన వెన్నును చూచుకొనుట ముందు నేర్చుకొనవలెను.

ఆ పాఠమును విస్మరించినందుకు ఒక నవాబు ప్రాణములు కోల్పోయినది మన కనుమలలోనే. పాకాల సమీపమున దామలచెరువు కలదు. నేడు మామిడికాయల మండీలకు పేరుగన్న యూరు. 1740లో రఘోజీ భోంస్లే నాయకత్వమున మహారాష్ట్ర సేనలు కర్ణాటకముపైకి వచ్చుచున్నవని విని, ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఈ కనుమను మూసి నిలుచుండెను. స్థలమును చూచినవారెవరును ఆయన యెన్నికను తప్పు పట్టజాలరు; ఎదుటినుండి వచ్చు సేనకు అది యమద్వారమే. అయితే మహారాష్ట్రులు ఎదుటినుండి రాలేదు. కాపలా నిలువని మరొక కనుమదారిని దిగి, కొండలను చుట్టి, మే నెల 20వ తేదీన వెనుకనుండి మీదపడిరి. ఆ వచ్చుచున్నది తన కుమారుడు సఫ్దర్ అలీ తెచ్చుచున్న సహాయసేన యని నవాబు భ్రమించెనని కూడ చెప్పుదురు. దోస్త్ అలీయు, ఆయన మరియొక కుమారుడును ఆ దినముననే హతులైరి. మరుసటి సంవత్సరము తిరుచిరాపల్లి పడిపోయి, దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబు బందీ యయ్యెను. ఆర్కాటు గద్దెకు స్థైర్యము తప్పెను. ఆ కలతలోనే ఆంగ్లేయులును ఫ్రెంచివారును చొరబడిరి. దక్షిణదేశ చరిత్రను మలుపు త్రిప్పిన ఈ ఘట్టము ఒక్క ఖాళీ స్థానమువలన కలిగినది. మన పిల్లలకు పానిపట్టు మూడు యుద్ధములును కంఠస్థములు; దామలచెరువున ఏమి జరిగినదో పాకాల పిల్లవానికే తెలియదు. ఆ కనుమ చెంత ఒక శిలాఫలకమైనను నిలుపవలెనని నేనీ శీర్షికలో ఎన్నిమార్లు వ్రాసినను అలసట నొందను.

యుద్ధమును పలకపై నాడి నేర్చుకొనవలెనను తలంపు పాశ్చాత్యులకు శాస్త్రముగా రూపుదాల్చినది చదరంగమునుండియే. 1780లో బ్రన్స్‌విక్ నగరమున హెల్‌విగ్ అను పండితుడు చదరంగపు గడులను వందలకు పెంచి, కొండకు, అడవికి, నీటికి వేర్వేరు రంగులిచ్చి, ఫిరంగులను పదాతులను నడపు క్రీడ నొకదానిని ప్రకటించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 10న, కాంచీపురము చేరువ పొల్లిలూరున, హైదరాలీ టిప్పుల సేనలు ఆంగ్లేయుల కర్నల్ బెయిలీ దండును సమూలముగా ధ్వంసము చేసినవి. గుంటూరునుండి దిగివచ్చిన బెయిలీ, మన నగరి సీమ నీటిని గూడ కలుపుకొని పాఱు కుశస్థలి నది పొంగియుండుటచే దాటలేక, అమూల్యమైన దినములను ఒడ్డుననే గడపెను. ఆయనతో కలియవలసిన మన్రో సేన కొలది క్రోసుల దూరముననే యుండియు సమయమునకు చేరలేదు. గడుల పలకపై రంగు పూసిన నదికి పొంగు లేదు, సేనాపతికి సందేహము లేదు, వార్తకు ఆలస్యము లేదు.

ఆ లోపమును దిద్దినవారు ప్రష్యాకు చెందిన రైస్విట్జ్ తండ్రికొడుకులు. 1824లో కుమారుడు సిద్ధపఱచిన క్రీడలో గడులు పోయి, ఎనిమిదివేలలో నొకటవవంతు కొలతతో గీచిన నిజమైన భూపటము వచ్చెను, ఎరుపు నీలము దిమ్మెలు సేనలైనవి, ఒక్కొక్క యెత్తు రెండు నిమిషముల కాలమునకు సమానము, అదృష్టమునకు పాచికలు, అన్నిటికిని మించి ఇరుపక్షముల నడుమ ఒక మధ్యస్థుడు. ఆటగాండ్రు తమ యాజ్ఞలను కాగితముపై వ్రాసి ఆయన కీయవలెను. కంటికి కనబడదగిన శత్రువును మాత్రమే ఆయన పటముపై నుంచును. సేనాధిపతి మ్యూఫ్లింగ్ దీనిని చూచి, ఇది క్రీడ కాదు, యుద్ధవిద్యాభ్యాసమేయని మెచ్చి సైన్యమంతటికిని సిఫారసు చేసెను. 1870–71లో ప్రష్యా ఫ్రాన్సును జయించిన పిదప లోకములోని సైన్యములన్నియు ఈ క్రీడను అనుకరించినవి.

అనుకరించినవారందఱును మధ్యస్థుని మాత్రము గౌరవింపలేదు. 1942 మే నెలలో జపాను నౌకాదళము యమాటో యుద్ధనౌకపై మిడ్వే దండయాత్రను పటముపై ఆడిచూచెను. పాచికలు పడినవి, అమెరికా విమానముల బాంబులు తొమ్మిది తగిలినవనియు, అకగి, కగ అను విమానవాహక నౌకలు రెండును మునిగినవనియు మధ్యస్థుడు నిర్ణయించెను. ఉగాకి అను నౌకాధిపతి తొమ్మిదిని మూడుగా తగ్గించి అకగిని బ్రతికించెను. కగ మునిగినను తరువాతి ఘట్టమున మరల తేలెను. జూను మొదటివారమున ఆ రెండు నౌకలును, వానితో మరి రెండును, సముద్రగర్భమున కలిసినవి.

పరుల దోషమును చెప్పి మన దోషమును దాచుట న్యాయము కాదు. 1960 మార్చి నెలలో లక్నోలో జనరల్ థోరాట్ ‘లాల్ కిలా’ అను పేర యుద్ధాభ్యాసము జరిపి, చీనా సైన్యము ఈశాన్య సరిహద్దున దిగినచో ఏ దినమున కెచ్చటి కెట్లు రాగలదో ఊహించి చూపెను. ఢిల్లీ పెద్దలు ఆ హెచ్చరికను లక్ష్యపెట్టలేదు. 1962 శరత్కాలమున సెలా, బొమ్‌డిలాలయందు మన జవానులు దానికి మూల్యము చెల్లించిరి. ఓడిపోదుమని చెప్పగలవానికి నోరిచ్చి, ఆ నోటిమాటను వినుటకే యుద్ధక్రీడ పుట్టినది. గెలుపును ముందే వ్రాసికొని ఆడునది సేనలకు వినోదము, దేశమునకు వంచన.

నేలపై గీతలన్నచో చులకనగా చూచువారికి ఒక్క వృత్తాంతము చెప్పవలసియున్నది. 1942లో లివర్‌పూలు నగరమున కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఒక గది నేలను గడులుగా విభజించి, సుద్దముక్కలతో ఓడల దారులను, జర్మను జలాంతర్గాముల దారులను గీయించెను. గీచినవారు నౌకాదళ మహిళా విభాగమునకు చెందిన యువతులు, ఎక్కువమంది సముద్రముపై యుద్ధము నెఱుగనివారు. తెఱల రంధ్రములగుండ ఆ నేలను చూచుచు, కాలము మించకుండ ఆజ్ఞలిచ్చుట అచ్చట దాదాపు 5,000 మంది అధికారులు నేర్చుకొనిరి. అట్లాంటిక్ సముద్రమున ఓడలను రక్షించిన యుపాయములు ఆ సుద్దగీతలమధ్య పుట్టినవి. మనకున్నవి సుద్దగీతలు కావు, శిలాక్షరములు. కలికిరిలో సైనిక పాఠశాల యున్నది. అందలి బాలురకు ఇసుకతో దామలచెరువు కొండలను పోసి, ఒక పక్షమునకు నవాబును, మరొక పక్షమునకు రఘోజీని అప్పగించి, ఆడించి చూపవలెనని నా కోరిక. ముందుగా పులిజూదము నేర్పవలెను.

ఈ విద్య సైనికులకే యని నేననుకొనను. 2025 జనవరి 8వ తేదీ రాత్రి మన తిరుపతిలో, వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొఱకు వేచియున్న జనసమ్మర్దమున ఆరుగురు మరణించిరి. బైరాగిపట్టెడలో అస్వస్థురాలైన యొక స్త్రీని వెలుపలికి తెచ్చుటకు గేటు తెఱవగా, టోకెన్లిచ్చుచున్నారని తలంచి జనము త్రోసికొని వచ్చినదని నాడు అధికారులు చెప్పిరి. దైవదర్శనమునకు వచ్చినవారు వీధిలో ఊపిరాడక మరణించుట కంటె ఈ యూరికి దుఃఖమేమి కలదు? తెఱచిన ఒక్క ద్వారము, దానివైపు ఉఱుకు వేలమంది: పటముపై ఒక్క సాయంకాలము ఆడిచూచినయెడల ఎవడో యొకడు ఈ యెత్తును వేసియుండెడివాడు. బందోబస్తు సమావేశములలో కౌంటర్ల సంఖ్య, పోలీసుల సంఖ్య లెక్కింతురు. జనము పక్షమున కూర్చుండి ఆ యేర్పాటును ఓడించుటకు యత్నించువా డొక్కడైనను అందుండునా?

రానున్న వైకుంఠ ఏకాదశికి నెలదినముల ముందే తిరుపతి వీధుల పెద్దపటమును బల్లపై పఱపించి, అధికారుల నొకవైపున కూర్చుండబెట్టి, రెండవవైపున ఏటేట క్యూలలో నిలుచు సామాన్య భక్తులను, వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను కూర్చుండబెట్టవలెను. మధ్యస్థుడుగా ఎవరి క్రింద ఉద్యోగము చేయనివాని నియమింపవలెను. ఆయన “ఈ ద్వారమున జనము చచ్చిరి” అని చెప్పినప్పుడు, ఆ సంఖ్యను తగ్గింపుమనుటకు ఎవరికిని అధికారముండరాదు.