మన ఇళ్లకు చేరిన సగం సత్యోపదేశం

మా కుటుంబంలో క్యాథలిక్కులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు వైపు వచ్చి తెలుగులో బోధించారు. మా పెద్దలు చెప్పుకునే కథ అక్కడినుంచే మొదలవుతుంది. తర్వాత కోలారు సీమకు వచ్చి నిలిచిపోయాం. ఇంట్లో జపాలు తెలుగులో, బడి కన్నడంలో, ఆదివారం పూజ కన్నడంలో. ఇంట్లో 'శ్రీసభ' అనేదాన్ని గుడిలో 'ధర్మసభె' అంటారు. ఇంట్లో 'పాపసంకీర్తనం', గుడిలో 'పాపనివేదనె'. మాటలు మారినందువల్ల నష్టమేమీ లేదు. కానీ ఒక తరంనుంచి ఇంకో తరానికి వచ్చేటప్పుడు బోధనలో సగం దారిలోనే జారిపోయింది. జారిపోయింది కూడా మెత్తని సగమే. గట్టి సగం మాత్రం పదిలంగా ఇంటికి చేరింది.

రెండు విషయాల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఒకటి, క్రైస్తవులు కానివాళ్లకు రక్షణ ఉందా అనేది. రెండు, గర్భస్రావం. మాలాంటి కలిసిన కుటుంబాల్లో ఈ రెండూ పుస్తకంలో చదివి పక్కన పెట్టే సంగతులు కావు. చావింట్లో, ఆసుపత్రి వరండాలో ఎదురుపడే సంగతులు.

"శ్రీసభ బయట రక్షణ లేదు" అనే వాక్యం మా అవ్వల తరానికి నోటికి వచ్చు. దాని పుట్టుక మాత్రం ఎవరూ చెప్పలేదు. 3వ శతాబ్దంలో కార్తేజు పీఠాధిపతి సిప్రియన్ ఆ మాటను సభనుంచి చీలిపోతున్నవాళ్లను ఉద్దేశించి అన్నాడు. పక్క ఊరి హిందువు గురించి కాదు. తర్వాత అది ఇంకా బిగిసింది. 1442లో ఫ్లోరెన్సు మహాసభ, చనిపోయేలోగా సభలో చేరని అన్యులకు, యూదులకు నిత్యాగ్నే గతి అని రాసింది. సువార్త లోకమంతా చేరిపోయింది, వినీ కాదన్నవాళ్లే మిగిలారు అనుకునే కాలం అది. యాభై ఏళ్ల తర్వాత కొలంబస్ అవతలి ఒడ్డు చేరాక ఆ లెక్క తప్పింది. ఆ వాక్యం రాసినవాళ్లకు పుంగనూరు ఉందనే తెలియదు కదా.

1940లలో బోస్టన్‌లో లెనార్డ్ ఫీనీ అనే జెస్విట్ గురువు ఆ పాత మాటను అక్షరాలా పట్టుకున్నాడు. క్యాథలిక్కులు కానివాళ్లెవరికీ రక్షణ లేదని బోధించాడు. 1949లో రోమునుంచి ఉత్తరం వచ్చింది, అర్థం అది కాదని. తెలియక బయట ఉండి, దేవుని చిత్తాన్ని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లకు రక్షణ అసాధ్యం కాదని అందులో ఉంది. ఆయన వినలేదు, రోముకు రమ్మంటే పోలేదు. 1953లో ఆయన్నే వెలివేశారు. మాకు ఇందులో ఉన్న విచిత్రం ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది: బయటివాళ్లకు రక్షణ లేదని మొండికేసిన మనిషే బయటికి పోయాడు. (చనిపోయేలోగా మళ్లీ లోపలికి తీసుకున్నారు లెండి.)

1964లో రెండవ వాటికన్ మహాసభ ఆ సంగతిని అధికారికంగా రాసింది. తమ తప్పేమీ లేకుండా క్రీస్తును ఎరగనివాళ్లు, దేవుణ్ణి నిజాయితీగా వెదుకుతూ మనస్సాక్షి చెప్పినట్టు బతికితే, రక్షణ పొందగలరు. 1965 అక్టోబరు 28న వచ్చిన ఇంకో ప్రకటన హిందూ ధర్మాన్ని పేరు పెట్టి ప్రస్తావించింది. ఆ మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ సభ తోసిపుచ్చదు అంది. ఇది వచ్చి అరవై ఏళ్లయింది. మా ఇళ్లల్లో ఇప్పటికీ 1442 నడుస్తా ఉంది. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేవాళ్లం, మా భాషలో చెప్పాలంటే కొత్త వెర్షన్ విడుదలైంది, ఇంటి మెషీన్లలో ఎవరూ ఇన్‌స్టాల్ చేయలేదు.

అట్లాగని "అన్ని మతాలూ ఒకటే" అని సభ చెప్పిందనుకోవడం కూడా తప్పే. హిందూ బంధువులు ప్రేమగా ఆ మాట అంటారు, మావాళ్లు మర్యాదకు తలూపుతారు. 2000లో వచ్చిన 'దోమినుస్ యేసుస్' పత్రం స్పష్టంగా కాదంది. రక్షణ ఎవరికి వచ్చినా క్రీస్తు ద్వారానే వస్తుంది, ఇతర మతాలవాళ్ల స్థితిలో పెద్ద లోటు ఉంది అని రాసింది. దీన్ని మేము ఒకసారి మా మామకు విడమరచి చెప్పాం. ఆయన ఏటా శబరిమల పోయే మనిషి. "అంటే నన్ను అడక్కుండానే మీ సామి ఖాతాలో రాసేసినారా?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, దానికి మా దగ్గర సులువైన జవాబు లేదు. కానీ నరకానికి పోతావు అనడానికీ దీనికీ ఉన్న తేడా ఆయనకూ తెలుసు. ఆ తేడాతో ఒక కుటుంబం కలిసి కూర్చుని అన్నం తినగలదు.

ఇప్పుడు గర్భస్రావం సంగతి. ఇక్కడ బోధన మారలేదు, మారిందని చెప్పడం అబద్ధం. గర్భం ధరించిన క్షణంనుంచి అది మనిషి ప్రాణమే, నేరుగా దాన్ని తీయడం ఏ కారణంతోనూ తగదు అంటుంది సభ. బలాత్కారం వల్ల వచ్చిన గర్భమైనా, బిడ్డకు వైకల్యం ఉందని తెలిసినా అంతే. మొదటి శతాబ్దంనుంచీ ఇదే చెబుతున్నామంటుంది. మా హిందూ పెద్దలకు ఇది కొత్తగా వినిపించదు, భ్రూణహత్య అనే మాట మహాపాతకాల వరసలో వాళ్ల శాస్త్రాల్లోనూ ఉంది. కడుపులోని బిడ్డను ప్రాణంగా చూడాలనే దాంతో మాకూ పేచీ లేదు. 2023లో మండ్య వైపు ఆడపిల్లలని తెలుసుకుని కడుపులోనే తీసేసే ముఠా పట్టుబడినప్పుడు కన్నడ పేపర్లు చదివినవాళ్లెవరికైనా పేచీ ఉండదనుకుంటాం.

పేచీ దేనితోనంటే, ఆ బోధనలోనే ఉన్న మిగతా సగం ఆడవాళ్ల చెవిన పడకపోవడంతో.

మా చిన్నమ్మకు గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం నిలిచింది. నూటికి ఒకటో రెండో గర్భాలు అట్లా అవుతాయి. ట్యూబు పగిలితే తల్లి రక్తస్రావంతో పోతుంది, బిడ్డ బతికే దారి ఎట్లాగూ లేదు. డాక్టర్లు ఆ ట్యూబు తీసేశారు. చిన్నమ్మ బతికింది. బతికి, ఇరవై ఏళ్లకు పైగా సత్ప్రసాదం తీసుకోవడానికి వరసలో నిలబడలేదు. పూజకు వస్తుంది, చివరి బెంచీలో కూర్చుంటుంది, అంతే. "కడుపు తీయించుకున్నదాన్ని, నాకెక్కడిది" అనేది. క్యాథలిక్ నీతిశాస్త్రం ఆ ఆపరేషన్‌ను గర్భస్రావంగా లెక్కపెట్టదు. తల్లి ప్రాణం తీసే జబ్బుకు చికిత్స చేస్తుంటే, కోరకపోయినా బిడ్డ దక్కకపోవడం వేరు, బిడ్డను చంపడమే పనిగా పెట్టుకోవడం వేరు. గురువులందరూ గురుకుల మఠంలో చదివే పాఠమే ఇది. ఒక్కరైనా ఒక్క ఆదివారం ప్రసంగంలో చెప్పి ఉంటే ఆమె ఇరవై ఏళ్లు ముందుకు వచ్చి ఉండేది.

ఆమెకు ఇంకో బాధ కూడా ఉండింది. జ్ఞానస్నానం లేని ఆ బిడ్డ ఎక్కడికి పోయింటుంది అని. పాత ఉపదేశకులు లింబో అని చెప్పేవారు, అంటే బాధ లేదు, దేవుని దర్శనమూ లేదు. అది ఎన్నడూ నిర్ణీత విశ్వాస సత్యం కాదు. 2007లో పోపు పదహారవ బెనెడిక్టు అనుమతితో వాటికన్ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించింది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలకు రక్షణ ఉంటుందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని అందులో రాశారు. ఖాయం అనలేదు, ఆశ అన్నారు. చూడండి, మతం వేరైన మామకూ, పేరైనా లేని ఆ బిడ్డకూ తెరిచింది ఒకే తలుపు. దేవుని దయ మన సంస్కారాల గీత దగ్గర ఆగదనేదే ఆ తలుపు. అందుకే ఈ రెండు సంగతులనూ విడివిడిగా కాకుండా కలిపి బోధించాలంటున్నాం.

నిజంగానే గర్భస్రావం చేయించుకున్న ఆడవాళ్ల సంగతేమిటి? శిక్షాస్మృతి ప్రకారం అది దానంతటదే వెలి పడే నేరం. అదే స్మృతిలో పదహారేళ్లు నిండనివాళ్లకు శిక్ష లేదనీ, భయంతో చేసినా, ఇలాంటి శిక్ష ఉందని తెలియక చేసినా ఆ వెలి తనంతట తాను తగలదనీ ఉంది. అత్తింటి ఒత్తిడికి లొంగిన పద్దెనిమిదేళ్ల పిల్లకు ఈ రెండో మాట ఎవరు చెప్పారు? 1995లో రెండవ జాన్ పాల్ తన లేఖలో ఆ ఆడవాళ్లతోనే నేరుగా మాట్లాడాడు, ఆశ వదులుకోవద్దన్నాడు. 2016లో పోపు ఫ్రాన్సిస్ ఈ పాపాన్ని క్షమించే అధికారం గురువులందరికీ ఇచ్చేశాడు. గుడి గోడమీద పిండం బొమ్మ పోస్టరు చూశాం గానీ, ఈ సంగతి రాసిన పోస్టరు ఎక్కడా చూడలేదు.

సగం బోధన ఎంతదూరం పోతుందో మా కర్ణాటకకు బాగా తెలుసు. బెళగావి అమ్మాయి సవితా హాలప్పనవర్ దంతవైద్యురాలు, ఐర్లండులో కాపురం. 2012 అక్టోబరులో పదిహేడు వారాల గర్భం నిలవదని డాక్టర్లే తేల్చారు. తీసేయమని ఆమె అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోందని ఆపారు, ఇది క్యాథలిక్ దేశం అన్నారు. ఆ మాట అన్నట్టు ఒక నర్సు తర్వాత విచారణలో ఒప్పుకుంది. ఒంట్లో విషం పాకి 28వ తేదీన ఆమె చనిపోయింది, 31 ఏళ్లకు. ఇన్‌ఫెక్షన్‌ను సకాలంలో గుర్తించలేదని విచారణలు తేల్చాయి, కాబట్టి తప్పంతా బోధన మీద వేయలేం. తల్లికంటే బిడ్డ ప్రాణం ఎక్కువని తాము ఎన్నడూ బోధించలేదని అక్కడి పీఠాధిపతులు ఆ నవంబరులోనే ప్రకటన ఇచ్చారు. అది నిజమే, కానీ ఆ వార్డులో మంచం మీదున్న హిందూ ఆడబిడ్డకు చేరింది ఆ ప్రకటన కాదు. ఆరేళ్లు తిరక్కుండానే 2018 మేలో ఐర్లండు ఓటర్లు నూటికి 66 మంది ఆ నిషేధాన్నే రాజ్యాంగంనుంచి తీసేశారు.

ఇంత చెప్పినా తెగని ముడి ఒకటి మిగిలే ఉంటుంది. పుట్టినా ఎక్కువ రోజులు బతకదని, బతికినా నడవలేదని స్కానింగులో తేలిన బిడ్డ విషయంలో సభ కనమనే చెబుతుంది. మన దేశంలో 2021 సవరణ తర్వాత, మెడికల్ బోర్డు ఒప్పుకుంటే 24 వారాలు దాటినా తీయించుకోవచ్చంటుంది చట్టం. ఈ రెంటి మధ్య నలిగే దంపతులు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లకు తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కనమని చెప్పే గుడి మాత్రం, ఆ బిడ్డను వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి ఎవరు మోసుకుపోవాలో, తల్లి ఉద్యోగం మానేస్తే ఇల్లు ఎట్లా గడవాలో కూడా అదే ప్రసంగంలో చెప్పాలి. మా విచారణలో దానికి ఇంతవరకు ఒక కమిటీ లేదు, పండుగ రథానికి మూడున్నాయి.