కుట్టిన చీమను జైల్లో పెట్టకండి!

ఓటర్లకు, శాసనకర్తలకు, పార్టీల వారికి విజ్ఞప్తి



ఏడుగురు రాజకుమారులు, ఏడు చేపలు, ఎండని చేప ఒకటి. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. చేప గడ్డిమేటు మీదికి నెడుతుంది, మేటు ఆవు మీదికి, ఆవు కాపరి మీదికి. చివరికి నేరమంతా చీమ నెత్తిన పడుతుంది. పుట్టలో వేలు పెడితే కుట్టక ఊరుకుంటానా అని చీమ ఎదురడుగుతుంది.

ఎన్నికల వేళ ఈ కథ మీద ఒక కార్టూన్ ఊహించండి. దండెం మీద ఆరు చేపలు ఎండాయి. తడారని ఏడో చేప మెడలో ‘మంచినీటి పథకం’ అని అట్టముక్క. కింద ఖాళీ బిందెతో అవ్వ. చేప కాంట్రాక్టరును చూపిస్తోంది, కాంట్రాక్టరు ఇంజనీరును, ఇంజనీరు మంత్రిని, మంత్రి పాత ప్రభుత్వాన్ని. ఇంకో మాట రాయనక్కర్లేదు. చదువురాని అవ్వకూ ఇట్టే అర్థమవుతుంది, ఆ కథ మనవడికి చెప్పింది ఆవిడే కదా! పిల్లల కథకున్న బలం ఇదే. దాన్ని మళ్లీ వివరించే పని లేదు, గురి పెడితే చాలు.

ఇది కొత్త విద్యేం కాదు. ‘ఆలిస్’ పుస్తకానికి బొమ్మలు వేసిన జాన్ టెనియల్ ‘పంచ్’ పత్రికలో రాజకీయ కార్టూనిస్టు. తర్వాత అదే ఆలిస్‌ను రచయిత ‘సాకి’, చిత్రకారుడు కారుథర్స్ గౌల్డ్ కలిసి బోయర్ యుద్ధకాలపు బ్రిటిష్ మంత్రుల మధ్యకు తీసుకుపోయారు. అది 1902లో పుస్తకంగా వచ్చింది. మన బుడుగుకు రూపమిచ్చిన బాపు చేతి నుంచే రాజకీయ కార్టూన్లూ వచ్చాయి.

మరి గొడవెక్కడ?

2012 ఏప్రిల్‌లో కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ కెమిస్ట్రీ ప్రొఫెసరు అంబికేశ్ మహాపాత్ర ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపారు. దానికి ఆధారం సత్యజిత్ రాయ్ ‘సోనార్ కెల్లా’, బెంగాలీ పిల్లలు డిటెక్టివ్ ఫెలూదా వెంట రాజస్థాన్ దాకా పోయే కథ. అందులో పిల్లవాడి పేరు ముకుల్. దినేశ్ త్రివేది స్థానంలో అప్పుడే కొత్తగా వచ్చిన రైల్వే మంత్రి పేరూ ముకుల్ రాయే. కథలో దుష్టుడు మాయమయ్యే ముచ్చటను ఈ మంత్రుల మార్పుకు అతికించారు. జోకంతా ఇంతే. దీనికి ప్రొఫెసరును అరెస్టు చేశారు. ఆయన మీద పెట్టిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా ఆయనకు కేసు నుంచి విముక్తి దొరికింది 2023 జనవరిలోనే. ఒక్క ఈమెయిల్‌కు పదేళ్లు దాటిన తిప్పలు! అది ఎన్నికల వేళ కూడా కాదు. ఇక ఎన్నికల వేడిలో సంగతి చెప్పాలా?

అలాగని బొమ్మ వేసినవాడిదే ఎప్పుడూ న్యాయమనీ అనం. 2011లో బెల్జియంలోని గెంట్‌లో ఒక తీవ్ర మితవాద పార్టీ నాయకుడు ‘సుస్కె ఎన్ విస్కె’ అనే పిల్లల కామిక్ అట్టబొమ్మను అనుకరించి క్యాలెండర్లు పంచాడు. అసలు బొమ్మలో డబ్బు వెదజల్లే దాత ఉన్నచోట నగర మేయరును పెట్టాడు. అక్కడితో ఆగితే అది వ్యంగ్యమే. కానీ డబ్బు ఏరుకునేవాళ్లను ముసుగులవాళ్లుగా, నల్లవాళ్లుగా మార్చాడు. 2014లో యూరోపియన్ న్యాయస్థానం పేరడీకి చోటిస్తూనే, తమ రచనను వివక్షతో ముడిపెట్టవద్దని కోరే హక్కు దాని హక్కుదారులకు ఉందని చెప్పింది. మేయరు పుట్టలో వేలు పెట్టి ఉండొచ్చు. వీధిన పోయే మనిషి ఏం చేశాడు?

అందుకే మేం కోరేది:

1. పార్లమెంటు: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శకు, సమీక్షకు చోటుంది కానీ పేరడీ ఊసు లేదు. పేదరాశి పెద్దమ్మ కథలకు హక్కుదారు లేడు. కొత్త కథల మాట అలా కాదు, రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1996లో కేరళ హైకోర్టు, ఒక పాత నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ రాసిన ప్రతినాటకాన్ని విమర్శగానే చూసి కాపాడింది. కానీ ప్రతి కార్టూనిస్టూ హైకోర్టు దాకా పోగలడా? ఆస్ట్రేలియా 2006లో, కెనడా 2012లో, బ్రిటన్ 2014లో పేరడీని చట్టంలోనే రాసుకున్నాయి. మనమూ రాసుకోవాలి.

2. పోలీసులు: మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలును భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(3) ఇస్తోంది. కార్టూన్ మీద ఫిర్యాదు వస్తే ముందు ఆ వీలు వాడుకోవాలి. బొమ్మకు అర్ధరాత్రి అరెస్టులు వద్దు.

3. పార్టీలు: కులం, మతం, రంగు, అవిటితనం మీద పిల్లల కథను ఆయుధం చేయబోమని ముందే మాటివ్వాలి. మీ నాయకుడి మీద పడిన బొమ్మకు బొమ్మతోనే జవాబివ్వాలి.

4. మనం: కార్టూన్ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కటి అడుగుదాం. ఇక్కడ కుట్టించుకుంటున్నవాడు పుట్టలో వేలు పెట్టినవాడేనా?

ఎందుకు కుట్టావని అడిగితే చీమ జవాబు చెప్పింది. కథ అక్కడితో అయిపోయింది. రాజుగారి కొడుకులు ఏడుగురున్నా, చీమ మీద ఒక్కడూ కేసు పెట్టలేదు.

ఇట్లు,
ఆ కథ విని పెరిగిన ఓటర్లు