పక్కవాళ్ల డబ్బాలో ఏముంది?



మన ఐటీ కారిడార్ పిల్లలకు పిజ్జా, పాస్తా, మోమోలు కొత్త కాదు. మాదాపూర్‌లోనైనా, గచ్చిబౌలిలోనైనా ఫోన్ నొక్కితే గుమ్మంలోకి వస్తాయి. అదే పక్క బెంచీ డబ్బాలోంచి తెలియని వాసన వస్తే ముక్కు మూసుకుంటారు.

గత ఏడాది నా క్లాసులో ఇదే జరిగింది. ఈశాన్య రాష్ట్రం నుంచి వచ్చిన ఒక అబ్బాయి లంచ్ బాక్స్ తెరిచాడు. పులియబెట్టిన వెదురు చిగుళ్ల కూర. నలుగురు "ఛీ" అన్నారు. గొడవెందుకని నేను, "మూత పెట్టెయ్ నాన్నా, రేపటి నుంచి వేరే ఏదైనా తెచ్చుకో" అన్నాను. మర్నాటి నుంచి బ్రెడ్, జామ్ తెచ్చుకున్నాడు. సమస్య తీరిందనుకున్నాను.

వేసవి సెలవుల్లో ఫిలిప్పీన్స్‌లోని దావావ్ వెళ్లాను. మా బాబాయి కొడుకు అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. ఆ ఊళ్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. కాలేజీ దగ్గర చిన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. ఇలాంటివాటిని అక్కడ 'కరిందేరియా' అంటారు. గిన్నెల్లో కూరలు వరసగా పెట్టి ఉంటాయి, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. వంద పెసోల లోపే కడుపు నిండింది.

'సినిగాంగ్' అనే పులుసు చింతపండుతోనే చేస్తారు. అందులో చేప, వంకాయ, ముల్లంగి, తూటికూర ఉన్నాయి. మన పోపు, కారప్పొడి మాత్రం లేవు. పెసల కూరలో మునగాకు వేశారు. మనలో కొందరు శనివారం మాంసం మానేసినట్టు, అక్కడ చాలామంది శుక్రవారం ఈ పెసలు వండుకుంటారు.

వాళ్లు ఎక్కువగా స్పూను, ఫోర్కుతో తింటారు. మా తమ్ముడు మొదటిరోజు చేత్తో కలుపుకుంటుంటే పక్కవాళ్లు చూశారట. హోటల్ ఆవిడ ఏమీ అనకుండా, చెయ్యి కడుక్కోవడానికి గిన్నెలో నీళ్లు తెచ్చి పెట్టిందట. "ఆ నీళ్లు పెట్టకపోతే మళ్లీ వచ్చేవాణ్ణి కాదక్కా" అన్నాడు. నేను మూత పెట్టించిన డబ్బా గుర్తొచ్చింది.

వెళ్లేటప్పుడు వాడు ఆవిడకు "సలామత్ పో" అని చెప్పాడు. మనకు 'పో' అంటే కసురుకోవడం. వాళ్లకు అది మన 'అండీ' లాంటిది. తెలియకపోతే గౌరవం కూడా తిట్టులాగే వినిపిస్తుంది. వాసన సంగతీ అంతే.

మన కంచంలో మాత్రం పరాయిది లేదా? ఐఆర్8 వరి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి 1966లో వచ్చింది. 1967లో దాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి చూపించిన రైతు నెక్కంటి సుబ్బారావు. ఎక్కడి విత్తనమోనని ఆయన పక్కన పెట్టలేదు.

ఇంటి ఆచారానికి సరిపడనిది పిల్లలకు తినిపించమని నేను అనడం లేదు. "నేను తినను" అనడం తప్పు కాదు, "ఛీ" అనడం తప్పు. నెలకోసారి మాల్ ఫుడ్ కోర్టు బదులు, వేరే ప్రాంతం వాళ్లు నడిపే చిన్న హోటల్‌కి తీసుకెళ్లండి. ఇది ఏంటి, ఎలా వండారు అని పిల్లల్నే అడగనివ్వండి.

స్కూలు తెరిచాక ఆ అబ్బాయికి అందరి ముందూ సారీ చెప్పాను. నవ్వాడు. కానీ ఇంకా బ్రెడ్, జామే తెస్తున్నాడు.